కొడుకు జీతం

కోర్టు జవాను సోఫాల షాపు గుమ్మంలో నిలబడి, "ఇక్కడ ఓనరెవరండీ?" అని అడిగినప్పుడు మిషనమ్మ తలెత్తకుండానే కొడుకు వైపు వేలు చూపించింది. అదే క్షణంలో కొడుకు ఆమె వైపు చూపించాడు. జవాను ఇద్దర్నీ చూశాడు, చేతిలో కాగితం చూసుకున్నాడు.

"ఎవరో ఒకరు తేల్చుకోండి. నేనింకా చాలాచోట్లకి వెళ్లాలి."

"అమ్మా, నువ్వే సంతకం పెట్టు. షాపు నీ పేరు మీదే కదా ఉంది" అన్నాడు కొడుకు. పెదాల మధ్య చిన్న మేకులు పట్టుకుని ఉండటంతో మాట ముద్దముద్దగా వచ్చింది. ఒక్కో మేకునీ నాలుకతో ముందుకి తోసి, సుత్తి మొనకి అందించి, సోఫా చట్రానికి గుడ్డ బిగిస్తున్నాడు. ఆ పనిలో వాడిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

ఆమెని అందరూ మిషనమ్మ అనేవాళ్లు. కుట్టుమిషను ముందు కూర్చుని ఉండగా తప్ప, నిలబడి ఉండగా ఆమెని చూసినవాళ్లు ఆ వీధిలో తక్కువ. ఇప్పుడు లేచి, నడుం సర్దుకుని, జవాను చూపించిన చోట సంతకం పెట్టింది. రెండేళ్ల కిందట కూడా ఇలాగే కొడుకు చూపించిన చోటల్లా పెట్టింది. అప్పుడు చేతిలో సగం కుట్టిన కుషన్ కవరు ఉంది, ఎందుకని అడిగే తీరిక లేదు.

జవాను వెళ్లాక కళ్లజోడు పెట్టుకుని కాగితం కూడబలుక్కుంది. తమ వద్ద పనిచేయుచున్న ఫలానా వ్యక్తికి నెలకి జీతమెంత ఇచ్చుచున్నదీ యజమాని స్వయంగా హాజరై తెలుపవలెను, అని ఉంది.

"ఎవర్రా ఈ ఫలానా వ్యక్తి?"

"నేనే."

మూల కూర్చుని కుర్చీ కాలు చిత్రిక పడుతున్న మేస్త్రీకి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. అది దగ్గు కాదని ముగ్గురికీ తెలుసు.

సంగతి ఇది. కోడలు విడిగా వెళ్లిపోయాక, పిల్ల ఖర్చులకి నెలకి అయిదు వేలు ఇమ్మని కోర్టు కొడుకుని ఆదేశించింది. వాడు ఒక్క నెల కట్టాడు. ఆ తర్వాత లాయరు సలహా మీద షాపుని తల్లి పేరుకి మార్చేసి, తను అందులో ఆరు వేల జీతగాడినని కోర్టుకి రాసిచ్చాడు. ఆరు వేల జీతగాడు అయిదు వేలు ఎక్కణ్ణించి తెస్తాడు? కోర్టు వాయిదాలు వేసుకుంటూ పోయింది, వాడు చేతులు దులుపుకున్నాడు. ఇన్నాళ్లకి కోడలి తరఫు లాయరు, సరే, ఆ ఆరు వేలు ఇస్తున్న యజమానినే పిలిచి అడగండి, అన్నాడు. యజమాని అంటే మిషనమ్మ. కాగితం మీద ఉన్న ఆ యజమాని, గల్లాపెట్టె తాళం ఏ జేబులో ఉంటుందో చూడ్డమే గాని చేత్తో ముట్టుకోలేదు.

"నాకు భయంరా" అంది.

"భయమెందుకు? ఒక్క ముక్క చెప్పి రావడమే. లాయరుగారు నేర్పిస్తాడు."

*

లాయరు గదిలో ఫ్యాను తిరుగుతోంది గాని గాలి మాత్రం లాయరు మీదకే వస్తోంది. ఆయన కుర్చీ వెనక్కి వాల్చి, మిషనమ్మని చిన్నపిల్లకి పాఠం చెప్పినట్టు కూర్చోబెట్టాడు.

"నెలకి ఎంత ఇస్తున్నారని అడుగుతారు. ఏం చెప్తారు?"

"ఆరు వేలండి."

"అంతే. ఇంకేం అడిగినా గుర్తులేదు, పెద్దదాన్ని, అనండి. అడిగినదానికే జవాబు. సొంతంగా ఏమీ కలపొద్దు."

"మరి ఆరు వేలు నేనివ్వట్లేదు కదండీ. అసలు వాడే నాకు ఇంటి ఖర్చులకి ఇస్తాడు."

లాయరు కొడుకు వైపు చూశాడు. కొడుకు నేల వైపు చూశాడు.

"అమ్మా, అవన్నీ కోర్టుకి అక్కర్లేదు" అన్నాడు లాయరు ఓపిగ్గా. "మీ అబ్బాయి జైలుకెళ్లడం మీకిష్టమా?"

ఇష్టమని ఏ తల్లి అంటుంది. ఆమె తల అడ్డంగా ఊపింది. వచ్చేటప్పుడు దారిలో కొడుకు వైపు చూస్తూ నడిచింది. వాడి వేళ్లనిండా మేకుల గాట్లు, బొటనవేలి గోరు నల్లగా ఉంది. చెడ్డవాడు కాదు. మొండివాడు. "పిల్లని చూడ్డానికి వెళ్తే తలుపు తియ్యలేదు, డబ్బులకి మాత్రం నేను కావాలా" అని వాడు రెండేళ్లుగా ఒకటే పాట. తలుపు తియ్యనిది నిజమే. వాడు వెళ్లింది ఒక్కసారేనన్నదీ నిజమే. ఆ రెండో సగం ఆమె ఎప్పుడూ పైకి అనలేదు, వాడు కన్నకొడుకు, అంతే.

మర్నాడు మిషను తొక్కుతూ ఆరు వేలండి, ఆరు వేలండి, అని లోపల అనుకుంటూనే ఉంది. కుషన్ అంచుకి తాడు పెట్టి గుడ్డ మడిచి కుట్టే పని అది. మూల తిప్పేచోట సూది కిందకి దించి ఉంచి, గుడ్డని నొక్కి పట్టే మిషను పాదం పైకెత్తి, గుడ్డని తిప్పి, మళ్లీ పాదం దించాలి. ఎప్పుడూ తప్పు పోని ఆ మూల దగ్గర ఆ రోజు రెండుసార్లు కుట్టు విప్పి మళ్లీ వేసింది.

*

కోర్టుకి వెళ్తే జడ్జిగారు సెలవులో ఉన్నారు. ఇంకో తేదీ ఇస్తారని చెప్పారు. లాయర్లిద్దరూ ఆ తేదీ రాయించుకోవడానికి వెళ్లారు. కొడుకు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ మెట్ల దాకా నడిచాడు. వరండాలో పొడుగు బల్ల మీద మిషనమ్మ ఒక చివర, కోడలూ మనవరాలూ ఇంకో చివర మిగిలారు.

"బాగున్నారా అత్తయ్యా" అంది కోడలు. మందుల ప్యాకింగు పనిలో ఉందిట, ఈ రోజు సెలవు పెడితే జీతం కోస్తారుట. ఆ మాట కూడా అడిగితేనే చెప్పింది. పిల్లని ఎవరి దగ్గర వదలాలో తెలీక వెంట తెచ్చింది. అంతలో లాయరు కేకేస్తే, "నానమ్మ దగ్గర కూర్చో, ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్లింది.

పిల్ల కొంచెం జరిగింది. ఇంకొంచెం జరిగింది. ఒడ్డూ పొడుగూ తండ్రి పోలికే, మాట మాత్రం నిదానం.

"నానమ్మా, షాపు నీదేనంట కదా?"

"ఎవరు చెప్పారే?"

"కోర్టు కాగితంలో ఉంది. అమ్మ చదివి చెప్పింది. నాన్న నీ దగ్గర పని చేస్తాడంట."

మిషనమ్మ కొంగు సర్దుకుంది. "ఆఁ" అంది.

"నువ్వు జీతం చాలా తక్కువిస్తావంట. అందుకే నాన్న దగ్గర డబ్బులుండవంట." పిల్ల గొంతులో నిష్ఠూరమేమీ లేదు, తెలుసుకున్న విషయాన్ని సరిచూసుకుంటున్నట్టుంది. కాసేపు కాళ్లూపుతూ ఆలోచించి అడిగింది. "నాన్న పని బాగా చెయ్యడా?"

"చేస్తాడమ్మా. వాడంత బాగా ఎవరూ చెయ్యరు."

"అయితే జీతం పెంచొచ్చు కదా, నానమ్మా."

 జీవితంలో మిషనమ్మ పడ్డ మాటలు తక్కువేం కాదు. కుట్టు వంకరపోయిందన్నవాళ్లున్నారు, మొగుడు పోయినా మిషను ఆపలేదన్నవాళ్లున్నారు. కొడుకు కడుపు కొట్టి డబ్బు దాచుకునే పిసినారి అన్నమాట మాత్రం ఎవరూ అనలేదు. ఇన్నాళ్లూ ఈ పిల్ల తన గురించి అనుకుంటున్నది అదన్నమాట. నాన్న మంచివాడే, నానమ్మే పెట్టదు.

నేను కాదే, మీ నాన్నే అబద్ధమాడాడు, అందామని నోటిదాకా వచ్చింది. పిల్ల మొహం చూసి ఆగిపోయింది. ఆ మాటంటే తన మీద మచ్చ పోతుంది, పోయి తండ్రి మీద పడుతుంది. ఈ పిల్లకి ఉన్నది ఆ ఒక్క తండ్రి, వాడి గురించి మిగిలి ఉన్నదల్లా ఆ కాస్త మంచి అభిప్రాయం.

"చూస్తానమ్మా" అంది చివరికి. ఆ మాట అన్నందుకు ఆమెకే సిగ్గేసింది. జీతం పెంచమని వచ్చినవాళ్లతో ఓనర్లందరూ అనే మాటే అది.

*

వాయిదా సోమవారానికి పడింది. మధ్యలో శనివారం, షాపులో కొడుకు లేని సమయం చూసి ఆమె మిషను ఆపి మేస్త్రీని పిలిచింది.

"నీకు నెలకెంత ఇస్తున్నాం?"

మేస్త్రీ చేతిలో ఉలి కింద పెట్టాడు. ఆ ప్రశ్న వినగానే పనిలోంచి తీసేస్తున్నారేమోనని మొహం పాలిపోయింది. "పద్దెనిమిదమ్మా. ఏం, ఎక్కువనిపించిందా?"

"అది కాదు. మావాడి లాంటి పనివాడిని బయటినుంచి తెచ్చుకోవాలంటే ఎంతివ్వాలి?"

"బాబు చేతిపనికా?" మేస్త్రీకి ఊపిరి ఆడింది. "పాతిక వేలిచ్చినా దొరకడమ్మా. దొరికినా ఎక్కువ రోజులుండడు, సొంత షాపు పెట్టుకుంటాడు."

"పాతిక" అంది ఆమె, గుడ్డ కొలుచుకున్నట్టు.

"ఎందుకమ్మా అడుగుతున్నారు?"

"ఓనర్ని కదా. తెలుసుకోవద్దూ?"

మేస్త్రీకి మళ్లీ దగ్గు రాబోయింది. ఆమె మొహం చూసి ఆపుకున్నాడు.

ఆ రెండు రోజులూ కొడుకుతో చెబుదామని ఎన్నిసార్లనుకుందో. అన్నం వడ్డిస్తూ ఒకసారి, "ఒరేయ్, నువ్వే కట్టేస్తే పోతుంది కదరా, షాపు బాగానే నడుస్తోంది" అంది. వాడు కంచంలోంచి తలెత్తలేదు. "నువ్వు కూడా వాళ్ల వైపేనా" అన్నాడు.  ఆమె వాడికి ఇష్టమైన కూర ఇంకో గరిటె వేసింది, వాడు తిన్నాడు. 

*

జడ్జిగారు ఆడమనిషి. గొంతు పెంచకుండా మాట్లాడుతుంది, చేతిలో పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉంటుంది. మిషనమ్మ బోను ఎక్కి, అంతా నిజమే చెబుతానని ప్రమాణం చేసి, బోను అడ్డకర్ర పట్టుకుని నిలబడింది. కోడలి తరఫు కుర్ర లాయరు పెద్ద ఫైలుతో సిద్ధంగా ఉన్నాడు. షాపు ఫోటోలు, సోఫాల ఫోటోలు, బయట నిలబెట్టిన బండి ఫోటో కూడా తెచ్చాడు. ఆమెని ఊపిరాడకుండా ప్రశ్నలడగాలని వారం నుంచీ కష్టపడ్డట్టున్నాడు.

"షాపు ఎవరిదమ్మా?" అంది జడ్జిగారు.

"నా పేరు మీదే ఉందండి."

"ఇతను మీ దగ్గర పని చేస్తున్నాడు, అవునా?"

"అవునండి. మా అబ్బాయే. మంచి పనివాడు."

కొడుకు తరఫు లాయరు గొంతు సవరించుకున్నాడు. సొంతంగా ఏమీ కలపొద్దన్నది గుర్తుచేస్తున్నాడు.

"నెలకి జీతమెంత ఇస్తున్నారు?"

 ఆమె కొడుకు వైపు చూడకూడదనుకుంది, చూసింది. వాడు ధీమాగా గోడకి ఆనుకుని ఉన్నాడు. తల్లి తన మాట జవదాటుతుందని వాడికి కలలో కూడా లేదు. ఆ ధీమా చూస్తే ఆమెకి కోపం రాలేదు, జాలేసింది.

"ఈ నెల నుంచి పాతిక వేలండి."

పెన్ను మూత ఆగింది. కొడుకు గోడ మీంచి వీపు తీశాడు. లాయరు లేచి, తమ క్లయింటు గతంలో దాఖలు చేసిన దాని ప్రకారం ఆరు వేలని, ఆమె పెద్దావిడ, కంగారు పడుతున్నారని అన్నాడు.

"కంగారేం లేదండి" అంది మిషనమ్మ. "అది ఇదివరకటి సంగతి, వాడు రాసిచ్చాడు కదా. ఇప్పుడు పెంచాను."

"ఎందుకు పెంచారు?" జడ్జిగారు ముందుకి వంగింది.

"మా మేస్త్రీకే పద్దెనిమిది ఇస్తున్నామండి. మావాడు ఆయన కంటే పెద్ద పనివాడు. వాడికి ఆరు వేలిస్తున్నానంటే వినేవాళ్లు నన్నేమనుకుంటారు? పిల్లకి తండ్రండి వాడు, దాని ఖర్చులుంటాయి. ఆలోచించుకోవాల్సింది యజమానిని నేనే కదండీ."

 జడ్జిగారికి నవ్వు వచ్చిందో లేదో గాని తల దించుకుని రాసుకుంది. కుర్ర లాయరు తన ఫైలు వైపు దిగులుగా చూశాడు. అందులో ఒక్క ఫోటో కూడా పైకి తీసే అవసరం రాలేదు.

జడ్జిగారు ఆదేశం అక్కడికక్కడే చదివింది. నెలనెలా పిల్లకి రావలసిన అయిదు వేలూ, పాత బకాయి కింద మరో మూడు వేలూ, జీతంలోంచి యజమానే పట్టుకుని కోర్టులో జమ చెయ్యాలి.

"జమ కాకపోతే ఇకమీద అడిగేది ఆయన్ని కాదు, మిమ్మల్ని. అర్థమైందా అమ్మా?"

"అర్థమైందండి. కడతాను."

ఆమె కర్ర వదిలి బోను దిగింది. కోడలు ఆమె వైపే చూస్తోంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

*

వరండాలో కొడుకు అడ్డం వచ్చాడు.

"నన్ను ముంచేశావు కదమ్మా."

"ముంచలేదు. జీతం పెంచాను."

"ఏ జీతం? ఎవరి జీతం? షాపు నాది."

"మెల్లగా అను. వాళ్ల లాయరు అక్కడే ఉన్నాడు."

కొడుకు చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. అవతల కుర్ర లాయరు నిజంగానే చెవులు రిక్కించాడు. షాపు వాడిదని తేలితే, రాసిచ్చినదంతా అబద్ధమని తేలుతుంది. అప్పుడు జీతంతో పోదు, సోఫాలూ మిషనూ బండీ అన్నీ జప్తులోకి వస్తాయి. ఆ సంగతి వాడి లాయరే చెవిలో చెప్పాడు. ఎక్కడికైనా వెళ్లి పని చేస్తానంటే, ఆ ఓనరుకీ ఇలాంటి నోటీసే వెళ్తుందని కూడా చెప్పాడు. చెప్పి, వేరే కేసుందంటూ జారుకున్నాడు.

"నీకు కావాలంటే చెప్పు" అంది మిషనమ్మ. "షాపు రేపే నీ పేరుకి తిరిగి రాసిచ్చేస్తాను. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెడతాను. ఎప్పుడైనా కాదన్నానా?"

 వాడు ఆమె కోసం ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆమె ఒక్కతే ఇంటికి నడిచింది. దారంతా కొడుకు మొహమే కళ్లలో మెదిలింది, ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని ఒక కొట్టు ముందు ఆగి, కొనేదేమీ లేకపోయినా గుడ్డలు చూస్తూ నిలబడింది.

మూడు రోజులు వాడు మాట్లాడలేదు. షాపుకి వచ్చేవాడు, పని చేసేవాడు. సుత్తి దెబ్బలు మాత్రం అవసరమైనదాని కంటే గట్టిగా పడేవి. ఒకటో తారీఖు వచ్చింది. మేస్త్రీ చేతులు కడుక్కుని, ఎప్పట్లాగే కొడుకు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. వాడు జేబులోంచి గల్లాపెట్టె తాళం తీశాడు.

"అది ఇలా ఇవ్వు" అంది మిషనమ్మ.

"ఎందుకు?"

"జీతాలివ్వాలి."

"నేనిస్తున్నాగా."

"నువ్వూ జీతగాడివే కదరా. నువ్వెలా ఇస్తావు?"

కోపంగా అనలేదు, వెక్కిరింపుగానూ అనలేదు. మేస్త్రీ అటు తిరిగి కిటికీలోంచి వీధిలోకి చూడసాగాడు. కొడుకు చాలాసేపు తాళాన్ని చేతిలోనే ఉంచుకున్నాడు. ఇవ్వనంటే ఏమవుతుందో లెక్కలు వేసుకున్నట్టున్నాడు. చివరికి తెచ్చి మిషను బల్ల మీద పెట్టాడు, ఆమె చేతిలో పెట్టలేదు. ఆమె మేస్త్రీకి ఇవ్వాల్సింది ఇచ్చింది. కొడుక్కి ఎనిమిది వేలు తగ్గించి మిగతాది ఇచ్చింది. వాడు లెక్కపెట్టకుండా జేబులో కుక్కుకున్నాడు. ఆ ఎనిమిది వేలూ రుమాలులో కట్టుకుని, తనే కోర్టుకి వెళ్లి కట్టి వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆమె ఫోను మోగింది. కోడలి నంబరు, గొంతు మాత్రం పిల్లది.

"నానమ్మా, నాన్నకి జీతం పెంచావంట కదా. అమ్మ చెప్పింది."

"పెంచానమ్మా."

"నాన్న సంతోషించాడా?"

మిషనమ్మ తలెత్తి చూసింది. కొడుకు అవతల వీపు ఇటు పెట్టి, సోఫా అడుగున పట్టీలు లాగి బిగిస్తున్నాడు. ఏమీ విననట్టే ఉన్నాడు గాని చేయి ఆగింది. సంతోషించాడని ఆమే చెప్పేయొచ్చు. ఇన్నాళ్లూ వాడి తరఫున చెప్పిన మాటల్లో అదొకటి అయ్యేది.

"మీ నాన్న ఇక్కడే ఉన్నాడు. నువ్వే అడుగు" అని ఫోను వాడి ముందు పెట్టింది.

వాడు తల్లి వైపు చూసిన చూపులో కోపం ఉంది, భయమూ ఉంది. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాక అవతల పిల్ల ఏం అడిగిందో ఏమో, "ఆఁ" అన్నాడు. కాసేపాగి, "ఆఁ, పెంచింది" అన్నాడు. పట్టీ కొసని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడ్డాడు. పిల్ల మాట వాడికి వినపడాలని మిషనమ్మ మళ్లీ మిషను మొదలుపెట్టలేదు. మేస్త్రీ కూడా చిత్రిక ఆపాడు. 

"నువ్విప్పుడు ఏ క్లాసమ్మా?" అని అడిగాడు కొడుకు.